లొట్టకాయ కమ్మలు

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళ వీధికి
మూడు సందులవతల
సైకిల్ పంచర్ల కొట్టు మీద గది నాది.
ఫ్యాను వేస్తే మంట నిలవదు,
ఆపితే నేను నిలవను.
మే నెలలో మంట మాటే చెల్లుతుంది.

ఈశ్వరాచారి రెండేండ్లు నన్ను కుంపటి దగ్గరికి రానీలేదు.
"ముందు రేకు కొయ్యి" అన్నాడు.
తెగిన రంపపు పోగులకు
గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టినాడు,
మూడొందల పద్నాలుగు.
తర్వాత ఒకదినం ఏమీ చెప్పకుండా
ఊదుగొట్టం తుడిచి నా ముందర పెట్టి
టీ తాగను పోయినాడు.

మాది కంసాలి ఇల్లు కాదు.
నాయన శెనక్కాయల మిల్లులో మూటలు మోసేవాడు,
అమ్మ అక్కడే పొట్టు చెరిగేది.
నగలంటే మా ఇంట్లో
బియ్యం డబ్బాలో దాచిన కుదవ రసీదు.
దాని మీద అచ్చేసిన లక్ష్మీదేవిని చూసి చూసి
వడ్డాణం ఎట్లుంటుందో నేర్చుకున్నా.

అందుకే కాబోలు
నా పెన్సిలు మామిడిపిందె గీయదు, నెమలిని గీయదు.
నాపరాయి గనిలో పొర మీద పొర,
పెన్న ఇసకలో ఎండ్రకాయ అడ్డంగా నడిచిన గుర్తు,
పంచరు కొట్టు నీళ్ళ తొట్టిలో
ట్యూబు వదిలే బుడగల వరస.
ఆ బుడగల్ని దండ చేసినా, వెండి గుండ్లతో.
హైదరాబాదులో ఎవరో డాక్టరమ్మ కొనింది,
"ముత్యాలు గుర్తొచ్చినాయి" అని రాసింది.
కింద మస్తాన్‌కు నేనింకా చెప్పలేదు.

నెలలో సగం దినాలు నేను డిజైనర్‌ను కాను.
తెగిన పట్టీలు అతికిస్తా,
సాగిన ఉంగరాలు బిగిస్తా,
మిద్దె మీద తెల్లగుడ్డ పరిచి
ఎండ తలకెక్కకముందే ఫోటోలు తీస్తా,
కొరియర్ పిల్లోడి కోసం మెట్ల మీద కూచుంటా.
"తరుగెంత? మజూరీ ఏంటికంత?"
తీగను కమ్మచ్చులో లాగి లాగి
బొటనవేలు కాయగాచిన సంగతి
త్రాసులో పెట్టేది కాదు కదా,
ఆ మాట దగ్గర ప్రతిసారీ నేనే తగ్గుతా.

నెలకోసారి జలగడిగే ఓబులమ్మ వస్తుంది.
గది మూలలు ఊడ్చుకుంటుంది,
కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా కూడా దులుపుకుంటుంది.
అంగళ్ళ ముందర కాలవల్లో
నలభై ఏండ్లు బంగారం వెతికిన చేతులు.
చెవుల్లో చీపురుపుల్లలు.

పోయిన నెల బల్ల మీద నా శెనక్కాయ కమ్మలు చూసింది.
తాడిపత్రి దాటినాక
వానలేక ఎండిన చేలో ఒక కట్ట పీకి చూసి,
బస్సులోనే టికెట్ వెనక గీసుకున్న బొమ్మ అది.
పగిలిన కాయ, రెండు గదులు,
ఒకదాంట్లో గింజ, రెండోది ఖాళీ.
వెనకవైపు నా ముద్ర, ఒక్క 'ద'.
ఆ ఖాళీకి మెరుగు పెట్టడానికే
నాలుగు దినాలు పట్టింది నాకు.

ఓబులమ్మ కిటికీ వెలుగుకు పట్టి
"లొట్టకాయ చేసినావేమే దస్తగిరమ్మా" అని నవ్వింది.
నవ్వు ఆపి, గోరుతో లోపల గీరింది.
"ఇంత తళుకేంటికి దీనికి?
లొట్ట లోపల నల్లగుంటాది.
వేలు పెడితే పొడి.
నువ్వెప్పుడూ ఒలవలేదా?"

ఒలిచినా. లక్ష కాయలు ఒలిచింటా.
అంగడి అద్దాల ముందర నిలబడి నిలబడి
మరిచిపోయినట్లున్నా.

ఆ రాత్రి మెరుగంతా ఆకురాయితో చెరిపేసి
గంధకం నీళ్ళలో ముంచినా.
గది నిండా కుళ్ళిన గుడ్ల వాసన.
పొద్దున చూస్తే ఖాళీ నల్లగా,
పక్కన గింజ ఒక్కటే తెల్లగా,
నాకే కొత్తగా.

ఈ నెల ఓబులమ్మ మళ్ళీ వచ్చింది.
కమ్మను తిప్పి తిప్పి చూసింది.
బాగుందనలేదు.
"చెరిపినావు కదా, ఆ పొడి యాడ?" అనింది.
పొట్లం ఇచ్చినా.
ముక్కు దగ్గర పెట్టుకుని, వెండే కదా అని
ఇరవై రూపాయలు తగ్గించి ఇచ్చి
మెట్లు దిగి పోయింది.