జెండాగుడ్డ చొక్కాలు

మా క్లబ్బుకు పుట్టినతేదీ లేదు.
రిజిస్టరు మొదటి పేజీ చెదలు తినేసినాయి.
రెండో పేజీలో మా నాయన రాత:
"తోలుబంతి ఒకటి. బ్లాడర్లు రెండు. బాకీ పదమూడు రూపాయలు."
పాకాల జంక్షన్లో ఏ చరిత్రయినా
బాకీతోనే మొదలు.

మా నాయన దస్తగిరి, రైలోళ్ళ టైలరు.
గార్డులకు ప్యాంట్లు, టీసీలకు నల్లకోట్లు,
కొలతలన్నీ తలలోనే.
ఫైర్‌మన్ ఏకాంబరం ఓ రాత్రి మూట తెచ్చి పడేసినాడంట,
వెలిసిపోయి పక్కన పారేసిన సిగ్నలు జెండాలు.
"పదకొండు చొక్కాలు కుట్టు దస్తగిరన్నా, ఎట్టయినా సరే."
ఏ రంగూ పదకొండుకు చాల్లేదు.
అందుకే ఎడమ ఎరుపు, కుడి పచ్చ.
ఆగమనీ పొమ్మనీ ఒకే చొక్కా.
చూసినోళ్ళు నవ్వినారు.
నవ్విన ఊర్లన్నీ మమ్మల్ని జెండాలోళ్ళు అన్నాయి.
పేరు పెట్టే ఖర్చు తప్పింది.

లోకోషెడ్డు వెనక నేల.
గోలుపోస్టులు పాత పట్టాముక్కలు.
సున్నం కొనలేక బొగ్గు బూడిదతో గీతలు.
గోలీ ఏకాంబరమే. పార పట్టిన ఆ చేతులకు
బంతి అంటే చల్లారిన బొగ్గుపెళ్ళ.
కాట్పాడి ప్యాసింజరు కూత పెడితే హాఫ్‌టైము.
ధర్మవరం బండికి గంట కొడితే
ముగ్గురు డ్యూటీకి పరిగెత్తేవాళ్ళు.
మిగిలిన ఎనిమిది మందితోనే గెలిచిన రోజులున్నాయి,
మా నాయన లెక్క ప్రకారం.
రిజిస్టరు ప్రకారం
ఒక రోజుంది.

చిత్తూరు చక్కెరమిల్లు జట్టుతో ఫైనలు.
ఒకటికి ఒకటి. పొద్దు గుంకింది.
ఇక బొమ్మా బొరుసే దిక్కు.
లాజరస్ మేస్త్రి రూపాయి ఎగరేసినాడు.
కరువు సంవత్సరం, నేల నోరు తెరుచుకోనుండాది.
రూపాయి ఆ పగుల్లో నిలువుగా దిగింది.
బొమ్మా కాదు, బొరుసూ కాదు.
మళ్ళీ ఎగరేస్తే ఓడిపోయినాం.
కప్పు చక్కెరోళ్ళది.
రెండు ఎగరేతల నడుమ పట్టిన కాలం ఉంది చూడు,
అదొక్కటే మాది.
తాగినప్పుడు ఏకాంబరం దాన్ని గంట అనేవాడు.
తాగనప్పుడు రెండు గంటలు.

తర్వాత పట్టాలు వెడల్పయినాయి.
మీటరుగేజి ఇంజన్లు తూకానికి పోయినాయి.
షెడ్డుకు తాళం.
గుంతకల్లుకు నలుగురు, అరక్కోణానికి ముగ్గురు,
రైటు వింగు సెల్వరాజు యాడికో చెప్పనుకూడా లేదు.
రెండేళ్ళు రిజిస్టర్లో ఒకటే మాట: "ఆట లేదు."
మూడో ఏడు మా నాయన
అది కూడా రాయలేదు.

మళ్ళీ మొదలుపెట్టింది శెనక్కాయల మిల్లు పిల్లోళ్ళు,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోసేవాళ్ళు.
రైలు టిక్కెట్టు తప్ప రైల్వేతో ఏ సంబంధమూ లేనోళ్ళు.
ఆ టిక్కెట్టు కూడా ఎప్పుడో గాని కొనరు.
"చొక్కా అదేనా షంషాదక్కా?"
అదే, అన్నా.
అప్పటికి మిషను నాదయింది.

మొన్న జాబొచ్చింది.
జిల్లా రెండయింది గదా, మీరు ఏ జిల్లా కింద నమోదు?
పడుకునేటప్పుడు చిత్తూరు,
తెల్లారి లేస్తే తిరుపతి.
నేల జరగలేదు, గోలుపోస్టు జరగలేదు.
చక్కెరోళ్ళ మీద నలభై ఏళ్ళ పగ,
మిల్లు మూతబడినా మూతబడని పగ,
దాన్ని ఏ జిల్లాలో దాఖలు చెయ్యాల?

ఫారంలో చుక్కల గీత ఖాళీగా ఉంది.
మిషను మీద చొక్కా సగంలో ఉంది.
గుడ్డ తిరుప్పూరుది, చెమట పట్టదంట.
కొత్త గోలీ, ఏకాంబరం మనవరాలు హంసవేణి,
గడపలో నిలబడి అడుగుతాంది:
"అక్కా, ఎడమంటే వేసుకున్నోళ్ళ ఎడమా,
చూసేవాళ్ళ ఎడమా?"

ఇన్నేళ్ళూ చెయ్యి కుట్టింది, నన్ను అడక్కుండా.
నాయన్ని నేనూ అడగలేదు.
మొదటి పదకొండులో ఒకటి
ట్రంకుపెట్టె అడుగున ఉండాల.
సెల్లు లైటు ఇట్ట పట్టు మే, అన్నా.