పాయింటు

టెంకాయ నా అరచేతిలో లేచి నిలబడేది.
పడుకోబెట్టి చేనంతా నడిస్తే, నీళ్లున్న చోట
తనంతట తానే లేచేది.
లేదా నేను లేపేవాణ్ణి.
ఏది ఎప్పుడో
పదకొండేళ్లకి నా వేళ్లకే తెలీకుండా పోయింది.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల నా పేరు అజరయ్య కాదు,
పాయింటాయన.
రెండు వేలు, ఒక క్వార్టరు.
నీళ్లు పడితే నా చెయ్యి మంచిది.
పడకపోతే నీ రాత, అప్పా.

వన్నూరప్ప చేన్లో ఆ రాత్రి
రిగ్గు ఏడొందల ఎనభై అడుగులు దిగింది.
తెల్లటి దుమ్ము. అడుగుకింతని అప్పు.
ఆరేళ్ల కొడుకు, మొదటి నీళ్లు తానే తాగుతానని
స్టీలు గ్లాసు పట్టుకుని
నిద్రకి తూలుతా నిలబడినాడు.
తెల్లారి చూస్తే గ్లాసు నిండా రాతిపిండి.
"ఇంకొంచేపుంటే వస్తాయా?"
నన్నే అడిగినాడు.

అందరూ రిగ్గు డ్రైవరునీ, దేవుణ్ణీ తిట్టినారు.
నన్నెవరూ తిట్టలేదు.
అదే మోయలేకపోయినాను.

చర్చికి పోయింది ఆదివారం కాదు, బుధవారం,
ఎవరూ ఉండరని.
చెప్పులు విడిచే చోటే కూచున్నాను.
ప్రార్థన రాలేదు. దేవుడా అన్నాను,
ఆ వెనకాల నోట్లోకి బోర్ల లెక్క వచ్చింది:
ముదిగల్లులో రెండు, గోళ్లలో ఐదు, పాలవాయిలో...
అది కూడా ప్రార్థనేనని
అయ్యగారు చాలా రోజులకి చెప్పినారు.
ఆ పొద్దు మాత్రం ఉపదేశమేమీ లేదు.
"కడవ ఖాళీగా ఉంది అజరయ్యా,
ట్యాంకరొచ్చే వేళైంది" అన్నారు, అంతే.

మూడేళ్లుగా ఆ కడవ నేనే నింపుతున్నాను.

నోటుబుక్కులో ముప్పై నాలుగు పేర్లు.
డ్రిప్పు పైపులు పరిచే కూలిలోంచి
నెలకొక ఇల్లు.
మారిపోయినానని అనుకోవద్దు.
మొదటి ఇంటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయినాను,
మెచ్చుకుంటారని.
ఆ చొక్కా సంగతి కూడా
మోకాళ్ల మీద ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఎర్రిస్వామి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
"మరి వడ్డీ?" అన్నాడు.
కోపం గొంతుదాకా వచ్చింది.
ఊరి పొలిమేర దాటినాక దిగింది.
ముందైతే ఇంటిదాకా వచ్చి
లేయమ్మ మీద దిగేది.
ఎదగడమంటే ఇంతేనేమో,
కోపం దిగే చోటు
నాలుగు మైళ్లు ఇవతలికి జరగడం.

వన్నూరప్ప డబ్బు ముట్టలేదు.
ఇంట్లోంచి టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టినాడు.
"ఇంకొక్క పాయింటు చూడప్పా.
నీ చెయ్యి మంచిది."

అరచెయ్యి జిలపెట్టింది.
వేళ్లకి పాత పని గుర్తొచ్చింది.
కాయ కొంచెం లేచింది.
లేపింది నేనే.

"నాకు తెలీదప్పా" అన్నాను.
"నీళ్లు యాడుండాయో
నాకెప్పుడూ తెలీదు."

ఈ రెండు మాటలకి పద్నాలుగేళ్లు పట్టింది.
ఆయన ఏమీ అనలేదు.
చెనిక్కాయ కట్టెలో గాలి చప్పుడు
చాలాసేపు విన్నాము.
వాళ్లావిడ వచ్చి నా చేతిలోంచి కాయ తీసుకుని
గడపరాయి మీద టప్పున కొట్టి
చట్నీ నూరడానికి లోపలికి పోయింది.

పిల్లోడికి తొమ్మిదేళ్లిప్పుడు.
అడక్కుండానే నీళ్లు తెచ్చిచ్చినాడు,
అదే గ్లాసో కాదో, అడిగే ధైర్యం లేదు.
ట్యాంకరు నీళ్లు. అడుగున సన్నగా మట్టి.
అది కూడా తాగినాను.

డబ్బు ఇంకా నా జోబులోనే ఉంది.
వచ్చే నెల మళ్లీ పోవాల.