కలగలుపు, డజను వంద

ఒస్త్రావాలో మార్చి రెండో శనివారం
రైల్వే కార్మికుల హాల్లో పురుగుల సంత.
బయట ఇంకా మంచు, బొగ్గురంగు మంచు.
చలికోట్ల లోపల పెట్టెలు దాచుకుని
పసిపిల్లల్ని తెచ్చినట్టు తెస్తారు
బుసకొట్టే బొద్దింకల్ని.

నా పక్క బల్ల వ్లస్తిమిల్‌ది.
ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు లేతు పట్టినవాడు,
వెంట్రుకవాసి తేడాని వేలితో పట్టేస్తాడు.
మూడే పెట్టెలు. మూడు చీటీలు.
ఊరు, ఏడు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి,
పెళ్లిపీటల మీద ప్రవర చెప్పినట్టు
గుక్క తిప్పుకోకుండా చదువుతాడు:
"ఉత్తర మడగాస్కర్, ఎనభై నాలుగు,
అలోయిస్ పెట్టె, ఆ తర్వాత నాది.
మధ్యలో ఎవరూ లేరు."
ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి.
ఇంట్లో ఇంకో జాతి ఉందంటే అమ్మడు.
మడి కట్టుకున్న వంటిల్లు ఆ బల్ల.

నాది ఒకటే టబ్బు.
"కలగలుపు, డజను వంద కొరునాలు."
పిల్లలంతా నా దగ్గరికే వస్తారు,
బడి క్యాంటీన్‌లో వడ్డించే చెయ్యి కదా, గుర్తుపడతారు.
కొసరుగా ఒకటి వేస్తాను.
వ్లస్తిమిల్ అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటాడు.
ఒకసారి అన్నాడు, "మిలాడా,
నీ సూపులో అన్నీ కలిపేస్తావు, సరే.
క్యారెట్‌ని మళ్లీ విడదీయగలవా?"

నవ్వేశాను అప్పుడు.
ఆ రాత్రి మాత్రం టబ్బు మూత తీసి వెతికాను,
మొదటి ఏడు కొన్న నల్లటి మగదాని పోలిక కోసం,
నడుం చుట్టూ అద్దకం వేసినట్టు తెల్లంచు.
దాని మనవలు, మునిమనవలు, ఇనిమనవలు,
మూడొందల మీసాలు కదిలాయి దీపం వెలుగులో.
అందరూ దిట్టంగా ఉన్నారు. అందరూ బెల్లంరంగు.
తెల్లంచు ఎవరి ఒంటి మీదా లేదు.
చంపినవాళ్లు లేరు.
ఎప్పుడు పోయిందో ఆనవాలూ లేదు.

ఈ ఏడు అలోయిస్ భార్య ద్రహోమీరా వచ్చింది,
చంకలో బూట్ల డబ్బా.
"ఆయన కార్డులు. మీ దగ్గరుంటేనే బాగుంటుంది."
ఎనభై నాలుగు తీశాడు వ్లస్తిమిల్.
తొంగి చూడకూడదు. చూశాను.
"రెండు జాతులు, రెండు డబ్బాలు.
బ్రెత్స్లావ్ దగ్గర రైలు కుదుపుకి మూతలు ఊడాయి.
టార్చిలైటుతో సీట్ల కింద ఏరాను.
కొమ్ములు చూసి మగవాటిని సర్దాను.
ఆడవాటిని, అందాజుగా."

అందాజుగా.
నలభై ఏళ్ల చీటీల మీద ఆ ఒక్క మాట
పాలగిన్నెలో ఉప్పుగల్లులా పడింది.
పెట్టెలో ఒక మగది ఇంకోదాన్ని కొమ్ములతో నెట్టి
బుస్సుమంది.
దానికి ఈ కార్డు సంగతి అక్కర్లేదు.

చీటీ చింపేస్తాడనుకున్నాను,
నిజం చెప్పాలంటే కాస్త సంబరపడ్డాను కూడా.
చింపలేదు.
చెవి మీది పెన్సిల్ తీసి
పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు,
లేతు మీద మర బిగించినంత ఒద్దికగా.
"తప్పు ఒకసారి జరిగింది, నేను లేనిచోట.
ఎరిగి ఎరిగి రెండోది ఎందుకు చేస్తాను?
ఎనభై అయిదు నుంచైనా నిజమే కదా."
ఎవరితో అన్నాడో.
ద్రహోమీరా అప్పటికే నా టబ్బు మీద వంగి ఉంది,
మనవడికి ఒక డజను కావాలట.

సాయంత్రం బల్లలు మడిచేవేళ
నా దగ్గరికి వచ్చాడు, చేతులు కడుక్కోకుండానే.
టబ్బులోకి చాలాసేపు చూశాడు.
కోడిగుడ్ల అట్ట మీద ఒకటి
అప్పుడే కుబుసం విడిచింది,
ఒళ్లంతా మీగడ, కళ్లు మాత్రం నలుపు.
"గంట ఆగితే రంగొస్తుంది" అన్నాను.
"తెలుసు" అన్నాడు.
పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.
"కలగలుపే కానీ. ఏమేం కలిపావో రాయి."

టబ్బు మూత మీద తేదీ వేశాను.
నల్లటి మగది అని రాశాను, తెల్లంచు అని.
మిగతావి గుర్తుకు రాలేదు.
పెన్సిల్ తిరిగిస్తే
పుచ్చుకోలేదు.