ముప్ఫై ఏడో షీల్డు

కోఠిలో మెట్ల కింద నా కొట్టు.
కాళ్లు చాపితే గిరాకీ బయట నిలబడాలి.
మొన్న నలభై మూడు షీల్డులకు ఆర్డరొచ్చింది:
ఉత్తమ చర్చ, ఉత్తమ బ్రేకింగు,
ఉత్తమ వంట, ఉత్తమ రాత్రి రేడియో,
ఉత్తమ వాతావరణం.
అది చదివి మా యాదగిరి
మెట్ల సందులోంచి ఆకాశం చూశాడు.

పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పంపారు.
ఆ అక్షరాలకు ళ తెలియదు, ణ తెలియదు,
దీర్ఘమొచ్చినచోట ఆగడం తెలియదు.
ఒక్కో పేరూ చెవి దగ్గర పెట్టుకుని
గుల్లో గట్టో చూసినట్టు చూసి
ఇత్తడి మీదికి దించాను.

ముప్ఫై ఏడో పేరు దగ్గర సూది ఆగింది.
అందాల్ అనొచ్చు, అండల్ అనొచ్చు.
ఇంటిపేరు మాత్రం చిలుపూరి.
నాకు ఒళ్లు జలదరించింది.

ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే
మలక్‌పేట గంజి మిరప ధర చెప్పే గొంతు అది.
మూసీ పొంగిన రాత్రి, కరెంటు లేని ఇంట్లో,
మసాలా కారిన సెల్లుల మీద నడిచే మా రేడియోలో
"చాదర్‌ఘాట్ వైపు వెళ్లకండి" అని
గంటకోసారి, ఒక్క రవ్వ గొంతు పెంచకుండా చెప్పింది.
నేను వెళ్లలేదు.
వెళ్లిన మా మేనబావ సైకిలు ఒక్కటే దొరికింది.

చివర్న ఎప్పుడూ ఒకటే మాట:
"చదివింది, చిలుపూరి ఆండాళు."
ఆ ళు దగ్గర నాలుక మడతపడి విప్పుకునే చప్పుడు
నాకు మా ఇంటి గొళ్లెమంత తెలుసు.
లిస్టు పక్కన పెట్టి
విన్నది చెక్కాను.

ఆ సాయంత్రం వాన. లక్డీకాపూల్ దగ్గర ఆటో కదలదు.
గోనెసంచిలో షీల్డులు ఒకదానితో ఒకటి గొణుక్కున్నాయి.
"ఏయ్ షీల్డులాయనా, ఇంత లేటా!"
రవీంద్రభారతి వెనక తలుపులోంచి లోపలికి తోశారు.

తెర సందులోంచి చూశాను.
ఒక చానెల్ మనిషి లేస్తే
ఆ చానెల్ కెమెరా ఒక్కటే లేస్తోంది,
మిగతావి తమ వంతుదాకా కునుకు తీస్తున్నాయి.
ఎఫ్ఎం కుర్రాళ్లు బహుమతి అందుకుని
ఎవరూ నవ్వకముందే నవ్వుతున్నారు.

నా పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో,
మోకాళ్లు రుద్దుకుంటూ పొట్టి మనిషి ఒకావిడ.
తడిసిన గొడుగు, గళ్ల నేతచీర.
"బాబూ, ఆ నీళ్లసీసా ఇటు అందిస్తావా?"

అంతే.
గొళ్లెం తీసిన చప్పుడు.
చెప్పాల్సింది ఇరవై ఆరేళ్లది ఉంది.
"మూత బిగుతుగా ఉందమ్మా, తీసిస్తా" అన్నాను.

వేదిక మీద యాంకరమ్మ చీటీ చూసి
దీపమంత నవ్వుతో పిలిచింది:
"అందాల చిలుపూరి గారూ!"
హాలు ఘొల్లుమంది. ఆవిడ లేవలేదు.
మళ్లీ పిలిచింది. లేవలేదు.
కోపం కాదు, ఇంకెవరో వస్తారేమోనని
మర్యాదగా ఎదురుచూస్తోంది.
చివరికి ముఖ్య అతిథి కళ్లద్దాలు పైకెత్తి
షీల్డు మీద వేలు పెట్టి చదివాడు:
ఆం... డా... ళు.

అప్పుడు లేచింది. గొడుగు నా చేతికిచ్చి.

మైకుకి జానెడు దూరంలో ఆగింది, అలవాటుగా.
గోడ మీద గడియారం కోసం వెతికింది.
"నాకిచ్చింది నలభై సెకన్లు.
సగం పేరు దగ్గరే అయిపోయాయి.
రేపు ఆరూ ఐదుకు కలుద్దాం."
దిగొచ్చేసింది.

తెల్లారి ఆరూ ఐదు.
మిరప క్వింటాలుకు రెండొందలు తగ్గింది.
ఉల్లి నిలకడగా ఉంది.
షీల్డు ఊసు లేదు. గొంతులో కాస్త జలుబు.

మధ్యాహ్నం బిల్లు డబ్బులొచ్చాయి,
నూట యాభై కోసి.
ముప్ఫై ఏడో నంబరు, పేరు లిస్టు ప్రకారం లేదట.
యాదగిరి ఫోను తీసి గొడవకు సిద్ధమయ్యాడు.
కూర్చోరా అన్నాను,
ఆ రేడియో కాస్త పెంచు.