మూడో గుండు

సఖినేటిపల్లి నుంచి పంటు మీద వచ్చింది,
గోనెపట్టా చుట్టుకుని, కొబ్బరిమోకు నడుముకి కట్టుకుని.
నరసాపురం రేవులో మా కొట్టు గడప మీద దింపించి
కొల్లాటి సుభద్రమ్మగారు చెమట తుడుచుకున్నారు.
"ఎనభై ఆరు వరదకి ఆగిపోయిందండి పాట. ఆయ్."

పాట సంగతి నేను ముందు అడగను.
పెట్టెని బోర్లా తిప్పి బెజ్జాలు చూస్తాను.
ఖాళీ బెజ్జం అబద్ధమాడదు:
ఇక్కడో రేకుండేది, దాని మీదో నంబరు,
దాని నీడ వార్నిషులో ఇంకా ఎర్రగానే ఉంది.
ఒంటిగాటు మరలు పాతవి.
చుక్కగాటు మర కనిపించిందా,
నాకంటే ముందు ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.
ఒకటి కనిపించింది.

హోటలు బల్లల మీద తళతళలాడే ఇత్తడి కొమ్ముల్ని
నేను గ్రామఫోన్లనను, పూలకుండీలంటాను.
ఇది టేకు. మూలమూలా
వేళ్లు వేళ్లలో దూర్చి బిగించిన అతుకు.

మోటారు పలక ఎత్తితే లోపల గోదారి.
ఎండి పెచ్చులు కట్టిన ఒండ్రు,
పళ్లచక్రం సందులో ఓ వడ్లపొట్టు.
కిరసనాయిలు, టూత్‌బ్రష్షు, మూడు రోజులు.
స్ప్రింగు డబ్బా విప్పడమంటే పాముబుట్ట మూత తియ్యడమే,
నా బొటనవేలి మచ్చనడగండి.
సౌండుబాక్సులో అభ్రకం లేదు.
ఎక్స్‌రే ఫిల్మొకటి గుండ్రంగా కోసి అతికించారు.
వెలుగుకి పెడితే ఎవరివో రెండు పక్కటెముకలు.

గవర్నరు దగ్గర ఆగిపోయాను.
మూడు రేకు స్ప్రింగులు, మూడు సీసపు గుండ్లు.
రెండు అసలువి, కవలపిల్లలు.
మూడోది వలగుండు.
విసురువల అంచు నుంచి తెంపి, చాకుతో చెక్కి,
రాగితీగతో కట్టింది.
కంసాలి తక్కెట్లో తూచాను:
రెండు గురిగింజలు ఎక్కువ.

ఆ మూడోదాని కోసం పద్నాలుగు నెలలు.
కాకినాడ పాతినుము కొట్లు, యానాం వేలంపాటలు,
చివరికి తాపేశ్వరంలో ఓ మైకుసెట్టు ఆసామి అటక.
"సీసం ముక్కేగా, పోత పోసెయ్యరాదూ"
అన్నాడు మా జోగారావు.
పొయ్యొచ్చు.
రేపెవడో దీన్ని బోర్లా తిప్పుతాడు.
వాడు నన్ను నమ్మాలి కదా.

గుండు దొరికింది. దాని పక్కనే చెక్కుచెదరని అభ్రకం.

ఆవిడ తువ్వాలు మడత విప్పారు.
ఒకే ఒక్క ప్లేటు.
మేనత్త వెంకటరత్నం, నాటకాల కంపెనీ మనిషి,
మద్రాసెళ్లి ఒక్క పద్యం ఇచ్చి వచ్చింది,
మళ్లీ వెళ్లలేదు.
కొత్త సూది వేశాను. కీ ఆవిడ చేతికిచ్చాను.

గొంతు లేచింది, తెరచాప కొయ్యలా నిటారుగా.
రాగం ఆఖరి మెట్టు దాకా
ఎక్కడా తొణకలేదు.
నేను మీసం మీద చెయ్యి వేసుకోబోయాను.

"ఈవిడ మా అత్త కాదండి."

"అదే ప్లేటండి, మీరే ఇచ్చారు."

"మా అత్త ఆ చివర ఏడుస్తదండి.
గొంతు వణుకుతాది.
అది రాగానే మా నాన్న లేచి
ఏటిగట్టు మీదికి ఎల్లిపోయేవోడు."

బల్ల మీద వలగుండు ఉంది.
చూపించాను.
"ఇదా? నాన్నదే. ఓ రాత్రంతా కూచుని బిగించాడు.
అత్త పోయిన ఏడు."

ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం.
జోగారావు టీ చెప్పి వచ్చాడు. చల్లారింది.

మళ్లీ పలక ఎత్తాను.
అసలుదాన్ని విప్పి, తాపేశ్వరం గుండుని
సూదుల డబ్బాలో పెట్టి, చీటీ రాశాను,
రేపు బోర్లా తిప్పేవాడికి:
"మూడోది ఇదీ. అసలుది.
మోటారులో ఉన్నది కూడా."
ఆ చివరి ముక్క కొట్టేశాను.
మళ్లీ రాశాను.

ఆఖరి పంటు హారను కొట్టింది.
"ఒక్కసారి, చివర మాత్రం" అంది ఆవిడ,
కీ తిప్పుతూ.