నల్లాలు వదిలేవాడి కాలు

శాలిబండ లైన్‌మన్ పోచమల్లు
ముప్పై ఒక్క ఏళ్లు నల్లాలు వదిలాడు.
భుజం మీద ఇనుప చావి,
తెల్లారకముందే సైకిలు.
పైపు ఎక్కడ పగిలిందో అంతు చిక్కకపోతే
సలాకు ఒక కొన రోడ్డుకు ఆనించి
రెండో కొన చెవికి ఆనించి
ఊపిరి బిగబట్టి వినేవాడట.
"భూమే చెప్తది సిస్టరమ్మా,
మనం జర ఊకుంటే."

ఇప్పుడాయన ఎడమకాలు
మా వార్డులో, ఏడో నంబరు మంచం మీద.
మూసుకుపోయిన నాళం పక్కనుంచి
ఆయన తొడలోని సిరతోనే కొత్త దారి వేశారు.
"బైపాస్ లైనన్నట్టు" అన్నాడు.
ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

మోకాలి పైన ఒక పట్టీ.
అగ్గిపెట్టంత, మెత్తన,
చర్మం ముడత పడితే తనూ పడుతుంది.
మన చెవికందని కూత ఒకటి లోపలికి వేసి
పారే నెత్తురుకు తగిలి తిరిగొచ్చే మారుపలుకును
రాత్రంతా ఏరుకుంటుంది.
తెర మీద అంకె: నిమిషానికి నూట పది.
"మరి చప్పుడేది?" అన్నాడు మొదటి రోజే.
చప్పుడుండదన్నాను.
మొహం పెట్టాడు,
ఉప్పు లేని కూర తిన్నట్టు.

నాకు చప్పుడు తెలుసు.
పదహారేళ్లు కలంలాంటి యంత్రం పట్టుకుని
గంటకోసారి, చల్లటి జిగురు రాసి,
నిద్రపోయే కాళ్లను లేపి మరీ విన్నాను.
కుడి భుజం అప్పుడే అరిగింది.
గౌలిగూడ టైలరొకాయన.
రెండింటికి ఉంది చప్పుడు.
మూడింటికి లేదు.
ఏ నిమిషాన పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.
కేసుషీట్లో రెండు గడుల మధ్య సన్నటి గీత.
అందులో పడిపోయింది
మిషను తొక్కే కాలు.

నిన్న రాత్రి మూడూ పదిహేడు.
నూట పది. తొంభై. అరవై రెండు.
పరుగెత్తాను.
పాదం వెచ్చగానే ఉంది, వేళ్లు ఎర్రగానే ఉన్నాయి.
ఏం కాలేదంది నా చెయ్యి.
పదహారేళ్ల చెయ్యి.
చెమటకు పట్టీ ఊడిందేమోనని
అంచులన్నీ మళ్లీ నొక్కాను.
యాభై ఎనిమిది.

సొరుగులోంచి పాత కలం తీశాను.
మెలకువొచ్చింది ఆయనకు.
"ఆ చెవిది ఇటియ్యి."
కళ్లు మూసుకున్నాడు.
వార్డులో ఫ్యాన్లు, ఎవరిదో దగ్గు,
కింద గేటు దగ్గర ఆటో స్టార్టు కాని గోల.
"వస్తుంది గని పారుతలేదు.
వచ్చి కొట్టుకుంటుంది.
కిందికెల్లి ఏదో అడ్డం పడ్డది."

డాక్టర్ ఫసీహుద్దీన్‌కు ఫోను చేశాను.
"పాదం చల్లబడిందా?"
లేదు సార్.
"మరి?"
చల్లబడేదాకా ఆగమంటారా సార్?
అటువైపు కాసేపు మాట లేదు.
తర్వాత బండి తాళాలు గలగలమన్నాయి.

బియ్యపు గింజలు రెండు కలిపితే ఎంతో
అంత గడ్డ.

తెల్లారింది. నూట ఇరవై నాలుగు.
థియేటరు మత్తు వదలక ముందే ఆయన అడిగింది
కాలు ఉందా అని కాదు,
"గీ పట్టీ మా రోడ్లకు దొర్కుతదా?"
నవ్వాను.
ఆ నవ్వులో కొంచెం ఏడుపుందని
నాకు మెట్లు దిగుతుంటే తెలిసింది.
నా చెయ్యి అబద్ధం చెప్పలేదు.
దానికి తెలియలేదు, అంతే.
వెచ్చదనం ఆలస్యంగా వచ్చే ఉత్తరం.
ఆ టైలరు పేరు అంజనేయులో ఆంజనప్పో,
అదీ సరిగ్గా గుర్తు లేదు నాకు.

ఆయా సుగుణ దూదితో వచ్చింది.
పాదం మీద, నాడి దొరికిన చోట
డాక్టరు గీసిన నీలి ఇంటూ గుర్తు
తుడవబోతే కాలు వెనక్కి లాక్కున్నాడు పోచమల్లు,
ఆ లాక్కోవడం చూడాలి మీరు,
రాత్రి పోబోయిన కాలు!
"ఉండనియ్యి బిడ్డా.
గుర్తు చెరిపినవనుకో,
రేపు డ్యూటీకొచ్చెటోడు
యాడ తవ్వాలె?"