ముప్పై సెకన్లు

ఔలు ఊళ్లో, కాగితం మిల్లు వాసన తగిలే వీధిలో
మూడో అంతస్తు గది మాది.
నవంబరు. మూడింటికే చీకటి.
బల్ల మీద ఆరు ఫోన్లు, వీపులు ఊడదీసినవి,
లోపల లినక్స్, పైన నా వేలిముద్రలు.

నా పని చెప్పడానికి చిన్నదే:
గొంతును కోసి ముక్కలు చేయాలి,
ముక్కకి ఇరవై మిల్లీసెకన్లు,
ఒక్కోదాని నుదుట చిరునామా రాసి గాలిలోకి విసరాలి.
అవతలి ఫోన్ వాటిని ఏరుకుని
వరస తప్పి వచ్చినవాటిని వరసలో పెట్టి
"హలో" అని మళ్ళీ కుట్టుకుంటుంది.
కొన్ని దారిలోనే పోతాయి.
పోయినచోట పక్క ముక్కనే సాగదీసి అతుకేస్తాం.
మీరు విన్న "అవును"లో
సగం "వు" నేను ఊహించి పెట్టిందే కావచ్చు.

మొదట ప్రతిధ్వని పీడించింది.
అన్నమాట అరసెకను ఆగి
ఎవరో వెక్కిరించినట్టు నా చెవికే తిరిగొచ్చేది.
తార్మో నేలమాళిగలో, నేను పైన,
రోజంతా ఉక్సి, కక్సి, కొల్మె అని
ఎక్కాలు వల్లించే పిల్లల్లా.
పెళ్లయ్యాక ఇంట్లో ఇంత మాట్లాడలేదు నేను, అన్నాడు తార్మో.
ఇవీ అంకెలేగా.

ఆ తర్వాత బ్యాటరీ గోల.
మాట లేనప్పుడు ముక్కలు పంపడం దండగ.
అందుకని ఒక షరతు రాశాను:
ముప్పై సెకన్లు ఇరువైపులా ఉలుకూ పలుకూ లేకపోతే
లైను తెగినట్టే లెక్క, ముగించు.
నాలుగే నాలుగు వరుసలు.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇనారి సరస్సు ఒడ్డు నుంచి ఈమెయిలు.
పేరు అర్వి. చేపలు పడతాడు. డెబ్బై ఒకటి.
"మీ ఫోన్ బావుంది.
తమ్ముడు ఔలిస్ నార్విక్‌లో ఉంటాడు, ఆదివారాలు కలుస్తాం.
మధ్యలో అదే పెట్టేస్తోంది.
మొన్న పదకొండుసార్లు."

మనవరాలి సాయంతో లాగ్ పంపాడు.
నెట్‌వర్క్ నిక్షేపంలా ఉంది, ఒక్క ముక్కా పోలేదు.
లాగ్‌లో మాటలుండవు, మాటల పొడవులే.
అర్వి, రెండు సెకన్లు.
ఔలిస్, ఒకటి.
ఆపైన ముప్పై, ఖాళీ.
తెగింది.
ఔలిస్, ఒకటి.
ముప్పై.
తెగింది.

మీరు మాట్లాడటం లేదు గనక ఆగిపోతోంది, అని రాశాను.
జవాబు వెంటనే వచ్చింది:
"మాట్లాడుతూనే ఉన్నాం.
ఏమీ అనలేదు, అంతే."

మౌనం అర్ధాంగీకారం అంటారు.
నేను దాన్ని చావుల పద్దులో రాసేశాను.

నాలుగు వరుసలూ కొట్టేశాను. అది చాలదు.
బొత్తిగా చప్పుడు లేకపోతే మనిషి కంగారుపడతాడు,
"ఉన్నావా?" అంటాడు,
అడిగాక ఆ మౌనం ఇక పనికిరాదు.
అవతలి గది ఏ మాత్రం హోరుగా ఉందో
చిన్న చీటీ రాసి పంపితే చాలు,
ఇవతలి ఫోన్ అలాంటి హోరునే సన్నగా అల్లుకుంటుంది.
పద్ధతి పాతదే. బద్ధకించింది నేను.
మూడు రాత్రులు పట్టింది
నార్విక్‌లో ఒక ఫ్రిజ్ గురగుర
ఇనారిలో వినబడటానికి,
అదీ అసలుది కాదు, దాని పోలిక.

డిసెంబరులో అర్వి, అడక్కుండానే, మళ్ళీ లాగ్ పంపాడు.
ఒకటే కాల్. నలభై ఏడు నిమిషాలు.
అందులో గొంతులు, ఇద్దరివీ కలిపితే, రెండున్నర.
ముప్పై ఒకటో నిమిషంలో ఒకచోట
ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు,
ఒకేసారి ఆగారు,
తర్వాత ఆరు నిమిషాలు ఎవరూ కదపలేదు.

తార్మో బగ్ మూసేశాడు.
"కారణం" అన్న గడి దగ్గర కాసేపు ఆగి
ఖాళీగా వదిలేశాడు.